సర్జ్ ప్రొటెక్టరూ, నా పాండిత్యమూ

ఒకే పిడుగుకు రెండిళ్ల సామాను అప్పజెప్పిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. పిడుగు దాని మానాన అది పడింది పాపం. దారి చూపించింది మాత్రం నేను.

కొన్నేళ్ల కిందట ఏ.ఎస్. రావు నగర్‌లో కింది వాటా మాది, పై వాటా యాదగిరిది. ఆయనకు బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యాపారం. నేను కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. అయినా కరెంటు గురించి వీడియోలు చూసీ చూసీ, ట్రాన్స్‌ఫార్మర్ కూడా నన్ను చూస్తే లేచి నిలబడాలన్నంత గర్వం పెరిగింది. మా ఆవిడ పద్మజ తన సంపాదనతో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొనుక్కుంది. పక్క వీధిలో ఉరుములకు ఎవరిదో ఫ్రిజ్ మాడిపోయిందని తెలిసి, "మన మిషనుకేదైనా రక్షణ పెట్టించండి" అంది. యాదగిరి కూడా తోడయ్యాడు.

"సార్, మీకు ఎరుకున్నదే గద! నాకు సుత ఒకటి జూడుర్రి."

ఇంకేం! ఇద్దరం రెజిమెంటల్ బజార్‌లో ఓ ఎలక్ట్రికల్ షాపుకెళ్లాం.

"ఇంటి మీద పిడుగును పట్టే లైట్నింగ్ అరెస్టర్ ఉందా?" అనడిగాడు షాపాయన.

"లేదు."

"అయితే మెయిన్ బోర్డుల టైప్ టూ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టుకోండి, పిడుగుకు ఎగదన్నే కరెంటును అది మింగుతది. మిషను బోర్డుకు దూరమైతే దాని దగ్గర ఇంకో చిన్నది కావాలె. ఎర్తింగ్ సుత చెక్ చేయించాలె."

"ఇంటికి ఒక్కటి చాలు" అన్నాను, పెళ్లిచూపుల్లో పిల్లను వద్దనే పెద్దమనిషిలా.

"సరే. దీని మీద గీ చిన్న కిటికీల రంగు చూస్తుండాలె. పచ్చగ ఉన్నదనుకోండి..."

"తెలుసండీ, తెలుసు! బిల్లు రాయండి."

పాఠకులారా, ఆ వాక్యాన్ని ఆయన్ను పూర్తి చేయనిచ్చి ఉంటే ఈ కథే లేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి రెండిళ్లలోనూ బిగించాడు. రెండు కిటికీలూ పచ్చగా ఉన్నాయి. ఎండాకాలం చివర్లో మొదటి గాలివాన వచ్చి వెళ్లాక చూద్దును కదా, మాది ఎర్రబడింది! టీవీకి ఎర్ర లైటు వెలిగితే కరెంటు ఉన్నట్టు కదా. అలాగే ఇదీ ఇన్నాళ్లూ నిద్రపోయి, ఉరుము వినగానే కళ్లెర్రజేసి కాపలాకు దిగిందని తీర్మానించాను. పైకెళ్లి చూస్తే యాదగిరిది ఇంకా పచ్చగానే ఉంది.

"మీది పనిచేయడం లేదండీ" అన్నాను, డాక్టరు రిపోర్టు చూసి నిట్టూర్చినట్టు.

"ఏందీ! బిడ్డ పెండ్లి పెట్టుకున్న. అమ్మకు కొత్త టీవీ తెచ్చిన. ఇప్పుడెట్ల సార్?"

"పరేషాన్ కాకండి. షాపులో ఇచ్చి మార్పించుకోండి."

మెయిన్ ఆపి, అందులో కిటికీ ఉన్న కార్ట్రిడ్జిని నా చేత్తోనే ఊడపీకి ఇచ్చి, మళ్లీ మెయిన్ వేశాను. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని స్కూటరెక్కాడు.

ఆయన వెళ్లిన కాసేపటికే ఆకాశం నల్లబడింది. మిషను మీద యాదగిరి కూతురి పెళ్లి జాకెట్టు నడుస్తోంది. ఒక చేతికి పువ్వులు పూర్తయ్యాయి, రెండోది మొదలైంది. ఉరుము వినగానే పద్మజ మా టీవీ ప్లగ్గు తీసేసి, మిషను వైపు నడిచింది.

"ఏవండీ, దీన్నీ ఆపేస్తాను."

"ఎందుకే భయం? బోర్డులో కిటికీ ఎర్రగా ఉంది. కాపలా కాస్తోంది."

"నిజంగా తెలుసా మీకు?"

"నేనున్నానుగా!"

పద్మజ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్లముందు కదులుతుంటుంది.

ఢామ్మంది. మిషను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. సన్నగా పొగ, కాలిన ప్లాస్టిక్ వాసన. పై నుంచి యాదగిరి వాళ్లమ్మ కేక: "ఓ సారూ! టీవీల పొగలొస్తున్నయ్!" అప్పుడే నా ఫోను మోగింది.

"సార్, షాపాయన నవ్వుతుండు! పచ్చగుంటే మంచిగున్నట్టట. ఎర్రగయితే సచ్చిపోయినట్టట! మీదే మార్చాలెనంట. నాది మళ్ల పట్టుకొస్తున్న, జెర ఆగుర్రి."

ఆగడానికి ఏముంది కనుక!

పద్మజ అరవలేదు. అరిచినా బాగుండేది. జాకెట్టును మిషను నుంచి మెల్లగా విడిపించి, "ఒక్కసారి తెలియదు అంటే ఏం పోయేదండీ?" అంది. పెళ్లి దగ్గరపడింది. మిషను బాగయ్యేలా లేదు. రెండో చేతికి మిగిలిన పువ్వులన్నీ ఆమె సూదితోనే కుట్టింది. నేను దారాలెక్కించాను. పక్కనే యాదగిరి వాళ్లమ్మ మా టీవీలో సీరియల్ చూస్తూ, మధ్యమధ్య నన్నూ చూసి నిట్టూర్చేది. సీరియల్లో విలన్‌కు కూడా అంత నిట్టూర్పు దక్కలేదు.

పెళ్లిలో అందరూ జాకెట్టును మెచ్చుకున్నారు. రెండు చేతుల పువ్వులూ ఒకేలా లేవని మా ఇద్దరికే తెలుసు. సూది పోట్లు పడ్డ పద్మజ వేళ్లు చూసి నేను తల దించుకున్నాను. యాదగిరి మాత్రం నన్ను చెయ్యిపట్టి తీసుకెళ్లి చుట్టాల మధ్య నిలబెట్టాడు.

"గీ సార్ మా కింద ఉంటడు. శాన మంచోడు. కరెంటు గురించి ఈయన ఏది చెప్తే దానికి ఉల్టా చెయ్యుర్రి, మీ ఇండ్లకు ఏం గాదు!"

పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేయను! అక్కడే, చేతిలో కరుగుతున్న ఐస్‌క్రీం సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట కరెంటు సంగతి ఎవరడిగినా నా జవాబు "నాకు తెలియదండీ" అన్నదే. మా ఇంటికొచ్చి, ఫ్యాను స్విచ్చి ఏదని అడిగినా సరే.