పోగు తెగిన చోట ముడి

మా కింది ఇంటి అన్న మంగళవారం పొద్దున చాయ్ తాగుతూనే కన్నుమూశారు. తోడబుట్టిన అన్న కాదు. మేం వలస వచ్చిన గుజరాతీ ఊరు నవాగామ్‌లో మా కింది వాటాలో పంతొమ్మిదేళ్లున్న పొరుగాయన. ముప్పై నాలుగేళ్లు సాంచల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసిన మనిషి.

ఆ మోతకు ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. అందుకే గొంతు పెద్దది. "అన్నా, ఇది కార్ఖానా కాదు, నలుగురుండే ఇల్లు" అని మెట్ల మీద నిలబడి చాలాసార్లు మందలించాను. ఆయన నవ్వేవారు. "తిడుతున్నవని మొకం జూస్తే ఎర్కయితది చెల్లె, మాటలే ఇనవడవు."

పోయిన వానాకాలంలో న్యుమోనియాతో పదిహేడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ప్రాణం దక్కింది గానీ ఊపిరి పూర్తిగా తిరిగి రాలేదు. మూడు మాటలకే ఆయాసం. మనవరాలికి బడిలో గుజరాతీ, వీధిలో హిందీ; తెలుగు నేను సాయంత్రం చదివిస్తేనే వస్తుంది. నేను ఆగినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు జాలిపడి నా వాక్యం పూర్తి చేసేవారు, అదీ తప్పుగా. భరించలేక పాఠం మానేసి పుస్తకం బీరువాలో పెట్టాను.

వారానికి అన్న పైకి వచ్చారు. "ఏంది చెల్లె, పోరి పాఠం బందయిందట?"

"ఊపిరి... చాలడం లేదు."

ఆయన నా పెదవులు చూసి గ్రహించారు. నాకు గొంతున్నా లేకపోయినా ఆయనకు ఒకటే. నా మాట కోసం తొందరపడని మనిషి ఆయనొక్కరే.

"పోగు తెగితే సాంచ ఆపుతం, ముడేస్తం, మల్ల నడుపుతం. తెగిందని బట్ట పారేస్తమా?"

కార్ఖానా మోతలో మాట వినపడదు గనక అక్కడ అంతా చేతి సైగలే. పోగు తెగిందనడానికి రెండు చేతుల వేళ్లతో గాలిలో ముడి వేసి చూపుతారట. మర్నాటి నుంచి ఆయన పాఠం వేళకు వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవారు. నేను ఆగగానే గాలిలో ముడి వేసేవారు. మనవరాలు నోరు మెదపకుండా ఆగేది. ఊపిరి అందాక వాక్యం నేనే ముగించేదాన్ని. ఒకసారి మా అబ్బాయి మాట అందించబోతే, "నీ సాంచ గాదది, చెయ్యి తియ్యి" అని గదిమారు.

నాకు రాసిపెట్టుకునే అలవాటు. మొదటి రోజు ఊపిరికి మూడు మాటలు. దసరాకు ఆరు. ఇప్పుడు తొమ్మిది. ఇంతకన్నా పెరగకపోవచ్చని డాక్టరు అన్నారు. ఆ సంగతి చెబితే అన్న, "తొమ్మిది మాటలల్ల తిట్టరాదా ఏంది?" అన్నారు.

"రెండు చాలు" అన్నాను.

ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు, మెట్లు దిగితే మళ్లీ ఎక్కలేనని పై వరండాలోనే నిలబడ్డాను. బతికుండగా ఆయన మేలు గురించి ఒక్క మాట అనలేదు. ఎలాగూ వినపడదులే అనుకున్నాను. తప్పు నాదే.

"అన్నా, నా పాఠం..." అన్నాను. మళ్లీ మూడు మాటలకే తెగింది.

కింద జనంలో ఉన్న మనవరాలు తలెత్తి చూసింది. రెండు చేతులూ పైకెత్తి గాలిలో ముడి వేసింది. పాడె భుజాన ఎత్తుకున్నవాళ్లు ఆయనతో సాంచలు నడిపినవాళ్లే. ఆ సైగ చూసి ఎక్కడివాళ్లక్కడ ఆగారు. నేను వాక్యం ముగించేదాకా ఎవరూ అడుగు వేయలేదు.