గాలివాన ఇంగ్లీషు

మా చిన్నప్పుడు... మే నెలంటే అందరికీ సెలవులు, మాకు మాత్రం భయం. నూజివీడు దగ్గర నాన్న గుత్తకి తీసుకున్న రసాల మామిడితోటలో కాయ కోతకొచ్చే రోజులవి. ఎవరైనా "అబ్బ, గాలి ఎంత బావుందో" అంటే చాలు, అమ్మ వాళ్ళ వంక కోపంగా చూసేది.

ఆ ఏడు నేను పదో తరగతిలోకి వెళ్ళాలి. ఇంగ్లీషులో తప్పుతానని నాన్న నన్ను సత్యానందం మాస్టారి ట్యూషన్‌లో పడేశాడు. పొద్దున్నే ఏడింటికి ఆయన అరుగు మీద పదిమందిమి చేరేవాళ్ళం. మాస్టారిది అనంతపురం వైపు. మాట మెత్తన, బెత్తం గట్టి...

ఒక వారం బోర్డు మీద "ప్రకృతి వైపరీత్యాలు" అని రాశారు. విపత్తుకి భయపడడానికీ, ముందే జాగ్రత్తపడడానికీ ఇంగ్లీషువాళ్ళు ఏమేం అంటారో చెప్పడం మొదలుపెట్టారు. 'సేవ్ ఫర్ ఎ రైనీ డే' అంటే కష్టకాలానికి దాచుకోవడమట. వాన పడే రోజు కష్టకాలం ఎలా అవుతుంది, నాట్లు పడే రోజు కదా అని బాపులపాడు నుంచి వచ్చే సుజాత అడిగేసింది. 'బ్యాటెన్ డౌన్ ది హ్యాచెస్' అంటే తుఫానుకి ముందు ఓడ తలుపులు బిగించుకోవడం. మాలో ఒక్కరూ ఓడని చూసిన పాపాన పోలేదు. అయినా బట్టీ పట్టేశాం.

నాన్నకి ఇంగ్లీషు రాదు కానీ మహా మోజు. రోజూ సాయంత్రం నేను నేర్చుకున్న మాట ఒకటి ఆయనకి చెప్పాలి. అది కాస్తా మర్నాడు హనుమాన్ జంక్షన్‌లో లారీవాళ్ళ దగ్గర వాడేసి వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని తోటకి వెళ్ళాను... ఆకు కదలట్లేదు. ఒక్క పిట్ట అరవట్లేదు. ఊపిరి అందనంత ఉక్క. లారీ ఎల్లుండి వస్తుంది, ఈ రెండు రోజుల్లో కాయ ఇంకాస్త ముదురుతుంది అని నాన్న మాణిక్యమ్మతో చెబుతున్నాడు. ఆవిడ కోత కూలీలకి పెద్ద.

నాకు చటుక్కున వెలిగింది. ఆ పొద్దున మాస్టారు చెప్పింది ఇదే!

"నాన్నా, దీన్ని ఇంగ్లీషులో కామ్ బిఫోర్ ది స్టార్మ్ అంటారు. తుఫానుకి ముందు ఇలాగే స్తబ్ధుగా ఉంటుందంట."

నాన్న నవ్వలేదు. మీ మాస్టారే చెప్పాడా అని రెండుసార్లు అడిగాడు.

"నేను పొద్దుటి నుంచీ అదే కదండీ మొత్తుకుంటున్నాను," అంది మాణిక్యమ్మ.

తెలుగులో చెబితే విననివాడు ఇంగ్లీషులో చెప్పేసరికి విన్నాడు... అదీ మా నాన్న. అప్పటికప్పుడు కోత మొదలైంది. అమ్మకి కబురెళ్ళింది. కాయ కోసే చిక్కం కట్టిన గడలు ఎన్నున్నాయో అన్నీ చెట్లకి లేచాయి. కింద నేనూ, అమ్మా కాయలు అందుకుని పాకలోకి మోస్తున్నాం. అందరి కళ్ళూ పడమటి దిక్కునే ఉన్నాయి. అక్కడ ఆకాశం కాటుకలా నల్లబడుతోంది.

సగం తోట అయ్యిందో లేదో, దుమ్ము లేచింది. ఆ వెనకే గాలి... చెట్ల మీద ఉన్నవాళ్ళని దిగిపొమ్మని నాన్న అరుస్తున్నాడు. దిగారు. దిగనిది నాన్న ఒక్కడే అనాలి... నేల మీదే ఉన్నా చెట్టు వదలడే! నెత్తిన కాయలు దబదబా పడుతుంటే రెండు చేతులూ కొమ్మకేసి పట్టుకుని నిలబడ్డాడు. పక్కనే ఒక కొమ్మ ఫెళ్ళున విరిగింది. అమ్మ పరుగున వెళ్ళి ఆయన్ని లాక్కొచ్చింది. పాకలో కూర్చుని ఆ చప్పుడు విన్నాం. నాన్న పోతాడేమోనని నేను అంతలా భయపడడం అదే మొదలు.

గాలి తగ్గాక చూస్తే మిగిలిన సగం తోటా నేల మీద ఉంది.

అయినా నాన్న ఊరంతా ఒకటే మాట చెప్పుకున్నాడు. మా అమ్మాయి ఇంగ్లీషే సగం పంట నిలబెట్టింది అని. నవ్వుతూనే చెప్పేవాడు... కళ్ళు మాత్రం ఎర్రగా ఉండేవి.

నాలుగో రోజు మాస్టారు బోర్డు మీద 'విండ్‌ఫాల్' అని రాశారు. అర్థం చెప్పకుండా, ఎవరైనా ఒక వాక్యం చెప్పండి అన్నారు. ఇందులో తెలియనిదేముంది? విండ్ అంటే గాలి, ఫాల్ అంటే రాలడం. లేచి నిలబడి, మొన్న మా నాన్నకి విండ్‌ఫాల్ వచ్చిందని ఇంగ్లీషులో చెప్పాను.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "వెరీ గుడ్! ఏం కలిసొచ్చిందమ్మా నాన్నకి?"

నాన్న ఊరంతా చెప్పుకున్న మాట ఆయన చెవిన పడలేదు, మాకు తోట ఉందన్న సంగతీ ఆయనకి తెలియదు.

"సగం తోట రాలిపోయింది మాస్టారూ," అన్నాను.

ఆయన సుద్దముక్క కింద పెట్టేశారు. ఇంగ్లీషులో దానర్థం అనుకోకుండా వచ్చిపడిన అదృష్టం అని మెల్లగా చెప్పారు. నాకు అర్థం కాలేదు. గాలికి కాయ రాలితే అదృష్టం ఏంటి?

"ఆ మాట ఏరుకున్నోళ్ళు పెట్టిందమ్మా, తోటోళ్ళు పెట్టింది కాదు," అన్నారు. తర్వాత, పరీక్షలో మాత్రం అదృష్టం అనే రాయండి అన్నారు.

ఆ సాయంత్రం నాన్న మంచం మీద పడుకుని, ఇవాళ్టి మాటేంటమ్మాయ్ అని అడిగాడు. నేను చూరు వంక చూస్తూ 'బ్రేస్ యువర్‌సెల్ఫ్' అని చెప్పాను. గుండె దిటవు చేసుకోవడం అని అర్థం చెప్పాను. అది మూడు రోజుల కిందటి పాఠం. నాన్న దాన్ని నాలుగుసార్లు అనుకుని, నోరు తిరిగాక లేచి కూర్చున్నాడు.

ఇప్పుడు గాలివాన వస్తుందంటే రెండు రోజుల ముందే ఫోన్లు మోగుతున్నాయి. ఆకు కదలకపోతే గుండె ఝల్లుమనేవాళ్ళు ఎంతమంది మిగిలారో తెలియదు... మీ ఇంట్లో కూడా ఇలా అర్థం తిరగబడిన ఇంగ్లీషు మాట ఏదైనా ఉందా? ఉంటే కింద రాయండి, చదవాలని ఉంది.

నాన్న ఉన్నన్నాళ్ళూ రోజుకో మాట అడుగుతూనే ఉన్నాడు. విండ్‌ఫాల్ అంటే ఏంటో మాత్రం ఆయనకి చెప్పలేదు.