డేగల బడిలో వీధికుక్క

“అది పాప చేతిలో రొట్టెముక్క లాక్కోబోయి చెయ్యే పట్టేసుకుంటే?”

గోడ అవతలికి వినపడాలని కాస్త గట్టిగానే అడిగాను. మా పెరటికీ మోంజీ బాబాయ్ పెరటికీ మధ్య నడుమెత్తు గోడ, దానికో చిన్న తలుపు. మా సిరీన్‌కి రెండున్నరేళ్లు. పొద్దస్తమానం ఏదో ఒకటి నములుతూ ఆ తలుపు తోసుకుని వెళ్లిపోతుంది.

అవతల బాబాయ్ ఎవరిదో మోపెడ్ విప్పి, కార్బురేటర్‌ని పెట్రోల్‌లో కడుగుతున్నాడు. ఆయన పక్కన కూర్చుని ఉంది కొత్తగా వచ్చిన కుక్క. ఎండుమిరప రంగు ఒళ్లు, ఒక చెవి నిటారుగా, రెండోది వాలిపోయి. పేరు ఫెల్ఫెల్, అంటే మిరపకాయ.

“టీకాలన్నీ వేయించాను అబ్బాయ్, కార్డు చూపించానుగా.”

“చూశాను బాబాయ్. రేబిస్ టీకా పళ్ల మీద పనిచెయ్యదుగా.”

ఆయన నవ్వాడు. ఆ తర్వాత చేతులు తుడుచుకుని గోడ దగ్గరికి వచ్చాడు. నా భయాల్ని మా ఆవిడతో సహా అందరూ తీసిపారేస్తారు. ఆయన మాత్రం ప్రతిదాన్నీ పాడైన బండిని చూసినట్టు చూస్తాడు, ఎక్కడో నిజంగానే ఏదో వదులైందన్నట్టు.

“నాకూ అదే బెంగ. నా డేగ పూరేడు పిట్టని పట్టి నేల మీద కూర్చుంటుంది చూడు, అప్పుడు ఇది మీద పడి లాక్కుందనుకో, డేగ పోయినట్టే. డేగ దగ్గర ఆగని కుక్క మీ పాప దగ్గరా ఆగదు. వేట సీజన్ మొదలయ్యేలోపు తేల్చేస్తా. ఆగకపోతే దీన్నిచ్చిన డాక్టరమ్మకి తిరిగిచ్చేస్తా.”

ఆ మాట నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే, ఆగదనే నమ్మకంతోనే నచ్చింది.

మోంజీ బాబాయ్‌కి అరవై మూడేళ్లు. నలభై ఏళ్లుగా మా ఊరు హవారియాలో మోపెడ్లు బాగుచేస్తున్నాడు. ఏటా వసంతంలో సముద్రం దాటబోయే డేగల్లో ఒకదాన్ని కొండ మీద వలవేసి పట్టుకుంటాడు, రెండు మూడు వారాలు మచ్చిక చేస్తాడు, జూన్ దాకా గోధుమ చేలల్లో దానితో పూరేళ్లని వేటాడతాడు, తర్వాత వదిలేస్తాడు. మా ఊళ్లో సగం మంది మగాళ్లకి ఇదే పిచ్చి. ఆయన పాత వేటకుక్క, కాగితాలున్న అసలు జాతిది, ఆ శీతాకాలం చచ్చిపోయింది. పక్క ఊరు కెలీబియాలో పశువుల డాక్టరమ్మ బండి బాగుచెయ్యడానికి వెళ్లినవాడు ఈ సంకరజాతి కుక్కని వెనక సీటు మీద పెట్టుకుని వచ్చాడు. చెత్తదిబ్బ దగ్గర దొరికిందట. ఆవిడ షెడ్డులో అప్పటికే నలభై కుక్కలు, ఇంకొకదానికి చోటు లేదు.

కాఫీ కొట్టు దగ్గర షాదలీ ఆగలేకపోయాడు. బాబాయ్‌తో పాటు బడికి వెళ్లినవాడు, డేగల్ని పట్టడంలో ఆయనకి పోటీ.

“ఇది కుక్కా కలగూరగంపా, మోంజీ? తల వేటకుక్కది, తోక నక్కది, కడుపేమో చెత్తకుప్పది.”

“నువ్వు మాత్రం? ముక్కు మీ నాన్నది, నోరు మీ అత్తది.”

కొట్టంతా నవ్వింది. కానీ కడుపు గురించి షాదలీ అన్నది అబద్ధం కాదు.

బాబాయ్ డేగని తయారుచేసినట్టే కుక్కనీ తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. డేగకి పొద్దున మేత తగ్గిస్తారు. ఆకలితో ఉంటేనే అది పిడికిలి మీదికి వస్తుంది, చెప్పినట్టు ఎగురుతుంది. ఫెల్ఫెల్‌కీ అలాగే పొద్దున ఏమీ పెట్టేవాడు కాదు. నేనూ వత్తాసు పలికాను. “ఆకలిగా ఉన్న జంతువు త్వరగా నేర్చుకుంటుంది బాబాయ్, నేను మా బడిలో పిల్లలకి చెప్పేదీ అదే” అన్నాను, గోడ మీద మోచేతులు ఆనించి.

పదో రోజున పెరట్లో తాడుకి కట్టిన చచ్చిన పిట్టని నేల మీద పెట్టి, పిడికిలి మీద డేగతో బాబాయ్ దాని పక్కనే వంగాడు. డేగ కిందికి దిగబోతుండగా ఫెల్ఫెల్ దూకింది. పిట్టని తాడుతో సహా నోట కరుచుకుని, మోపెడ్ కిందికి దూరి, ఈకలు కూడా తీయకుండా మింగేసింది. డేగ బెదిరి, కాళ్లకి కట్టిన తోలుపట్టీతో పిడికిలి నుంచి తలకిందులుగా వేలాడింది. రెండు రోజులు మాంసం ముట్టలేదు.

నేను ఆ సాయంత్రమే చిన్న తలుపుకి గొళ్లెం బిగించాను. స్క్రూ ఒకటి పట్టు తప్పితే బాబాయే వచ్చి సరిచేసి వెళ్లాడు.

మర్నాడు ఆయన డాక్టరమ్మకి ఫోన్ చెయ్యబోతుంటే దలెందా పిన్ని, ఆయన భార్య, వంటింటి గుమ్మంలోంచి అడ్డుకుంది.

“ముందు నా మాట విను. దానికి నేను దొంగచాటుగా పెడుతున్నా.”

“ఏం పెడుతున్నావు?”

“సార్డీన్ చేపల తలకాయలు, నూనెలో నానేసిన రొట్టె. నువ్వు కాఫీ కొట్టుకెళ్లాక. తిన్నాక డేగ మాంసం కోసే పీట పక్కనే పడుకుంటుంది, తలెత్తి చూడదు. నువ్వు పస్తుపెట్టిన పూటే దొంగవుతోంది. నీక్కూడా అన్నం ఆలస్యమైతే ఏమవుతావో నన్నడుగు.”

బాబాయ్ ఫోన్ జేబులో పెట్టేశాడు. చాలాసేపు కుక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. చివరికి గోడ ఇవతలున్న నావైపు తిరిగి అన్నాడు:

“అబ్బాయ్, దీనికి పుట్టినప్పటి నుంచీ వచ్చిన చదువు ఆకలొక్కటే. నేను మళ్లీ అదే బడిలో వేశాను.”

ఆ మాట ఆయన ఇంట్లోనే దాచుకోవచ్చు. సాయంత్రం కాఫీ కొట్టులో, షాదలీ ముందే, టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు: “తప్పు కుక్కది కాదు, నాది. దీన్నీ డేగలాగే పస్తుపెట్టాను.” మా ఊళ్లో వేటలో తను పొరపాటు చేశానని నోటితో ఒప్పుకున్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు. షాదలీ కూడా చూడలేదనుకుంటా, ఎగతాళికి మాట వెతుక్కోవాల్సి వచ్చింది.

“కడుపు నిండిన కుక్క వేటాడుతుందా? పడుకుని గురక పెడుతుంది.”

“పెట్టనీ. ముందు దాన్ని గురక పెట్టనీ.”

ఆ రోజు నుంచి ఏ పనికైనా ముందు దానికి గిన్నెడు కుస్‌కుస్ రవ్వ, పైన చేప. అది తినడం పూర్తయ్యేదాకా బాబాయ్ పక్కనే కూర్చునేవాడు, గిన్నె ముట్టుకునేవాడు కాదు. మొదటి వారం అది మింగుతూ మధ్యమధ్య ఆయన చేతుల వంక చూసి గుర్రుమనేది. నేను లెక్కపెట్టాను: మొదటి రోజు పదకొండుసార్లు, ఐదో రోజు నాలుగు, తొమ్మిదో రోజు ఒక్కసారి కూడా లేదు. మూడో వారానికి తిండి మధ్యలో ఆపి, ఆయన పిలిస్తే వచ్చి, తిరిగెళ్లి తినేది.

మే చివర ఒక ఉదయం చేలల్లోకి వెళ్లాం. షాదలీ పిలవకుండానే వచ్చాడు. నేను పాపని మా ఆవిడ దగ్గర వదిలి, తేలేదాకా చూడాలని వెళ్లాను. గాలి ఎక్కువగా ఉంది. ఫెల్ఫెల్ గోధుమ మొదళ్ల మధ్య ముక్కు నేలకానించి నడిచి, ఒకచోట పిట్ట వాసనకి బిగుసుకుపోయింది. బాబాయ్ పిడికిలి ఎత్తాడు. పూరేడు లేచింది, ఆయన డేగని విసిరాడు. రెండూ గట్టు మీదుగా వంగి, అవతల నడుమెత్తు ముళ్లపొదల్లో పడిపోయాయి. మేం చూస్తుండగానే కుక్క కూడా అటే పరిగెత్తి కనపడకుండా పోయింది.

“అయిపోయింది నీ డేగ” అన్నాడు షాదలీ. ఈసారి గొంతులో వెటకారం లేదు.

బాబాయ్ పిలవలేదు, పరిగెత్తలేదు. పరిగెడితే డేగ బెదురుతుంది. మామూలుగా నడిచాడు. ఆయన మెడ మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది. పొదల్లో డేగ ఎక్కడుందో తెలియడం లేదు. ముందు కనిపించింది నిటారుగా నిలబడ్డ చెవి ఒకటి. ఫెల్ఫెల్ పొట్ట నేలకానించి పడుకుని ఉంది. రెండు మూరల దూరంలో డేగ పూరేడు ఈకలు పీకుతోంది. కుక్క నోట్లోంచి చొంగ కారుతోంది, వెనకకాళ్లు వణుకుతున్నాయి. కదల్లేదు.

బాబాయ్ మోకాళ్ల మీద కూర్చుని, నిదానంగా డేగని పిడికిలి మీదికి తీసుకున్నాడు. తర్వాత రెండో చేత్తో కుక్క మెడ నిమిరాడు.

“దీని తల్లి ఎక్కడుందో డాక్టరమ్మ దగ్గర కనుక్కో” అన్నాడు షాదలీ, కాసేపటికి. “ఇంకో పిల్ల ఉంటే నాకు చెప్పు.”

ఫెల్ఫెల్ ఉండిపోయింది. గొళ్లెం నేను ఇంకా ఊడదీయలేదు. అయితే పగలు వేయడం లేదు.

జూన్‌లో ఒక సాయంత్రం సిరీన్ ఆయన పెరట్లో చెప్పులు వేసుకోనని మొండికేసింది. నేను ఖర్జూరం చూపించి, వేసుకుంటేనే ఇస్తానని బతిమాలుతున్నాను. అది చెప్పుల వంక చూడను కూడా చూడక, నా పిడికిలి విప్పడానికి వేళ్లు లాగుతోంది. బాబాయ్ నట్టు బిగించడం ఆపి, అటునుంచే అన్న మాటని ఆ రోజు నుంచీ పాటిస్తున్నాను. భయం ఎక్కువైన రోజున మరీ పట్టుదలగా పాటిస్తున్నాను:

“ముందు పెట్టెయ్యి అబ్బాయ్. తిననీ. తర్వాత అడుగు. ఆకలిగా ఉన్నంతసేపూ అది నీ చేతినే చూస్తుంది, నీ మాట ఎక్కడ వింటుంది?”