మావయ్య గారి నూనె చుక్క

కారుతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఇంజనాయిలు ఐదువేల కిలోమీటర్లకోసారి మార్చమని రాసి ఉంది. నేను కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. అచ్చులో ఒక అంకె కనిపించాక ఇక దాని మీద చర్చేమిటన్నది నా పద్ధతి. మీటరు ఐదువేలు దాటిన వారంలో మెకానిక్కు దగ్గర ఓ గంట ఆగితే అయిపోయే పని. అంత చిన్న పని మీద మా మావయ్య గారితో నేను దాదాపు నాలుగేళ్లు తగువు పడ్డాను.

మా కాపురం బందరులో, నా కాలేజీ గుడివాడలో. తొంభైల మధ్యలో ఓ పాత పెట్రోలు కారు కొని, మరో ఇద్దరు లెక్చరర్లతో కలిసి రోజూ అందులోనే వెళ్లి వచ్చేవాణ్ణి. దారిలో పెడన. అది మా అత్తగారి ఊరు. శనివారం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అక్కడ ఆగి కాఫీ తాగకపోతే మా ఆవిడ నన్ను గుమ్మం లోపలికి రానిచ్చేది కాదు.

మావయ్య గారు కలంకారీ అద్దకం షెడ్డులో పని చేసేవారు. షెడ్డు ఆయనది కాదు. అయినా అక్కడ ఆయనకో కుర్చీ ఉండేది, ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఎర్రరంగు కాగులో గుడ్డ ఉడుకుతున్నప్పుడు దాన్ని ఎప్పుడు పైకి తీయాలో చెప్పేది ఆయనే. ముందు తీస్తే రంగు వెలవెలబోతుంది, ఆలస్యమైతే ఇటుకపొడిలా తయారవుతుంది. గంటలు, నిమిషాలు అక్కడ పనికిరావు. ఆయన వంగి చూసి "తియ్యండి" అంటే తీసేవాళ్లు. ఆ కంటి మీదే ఆయన ముప్పై ఏళ్లు బతికారు.

ఆ కన్ను నా కారు మీద కూడా పడింది. కొన్న కొత్తలోనే ఒక శనివారం బానెట్ తీయించి, నూనె కొలిచే పుల్లను పైకి లాగి, అద్దకంలో మిగిలిన తెల్లగుడ్డ ముక్క మీద ఒక చుక్క వేశారు. అది పాకుతున్నంతసేపూ గొంతుక్కూర్చుని చూశారు.

"ఇంకా తేనె రంగులోనే ఉందండీ అల్లుడు గారూ. ఇది పాతబడితే డికాషన్ రంగుకొస్తది. మధ్యలో నల్లచుక్క నిలబడిపోయి చుట్టూ పాకటం మానేసిందనుకోండి, ఇక దాంట్లో పస లేనట్టే. అప్పుడు మార్చండి."

"పుస్తకంలో ఐదువేలని ఉంది మావయ్య గారూ."

"పుస్తకం రాసినాయన మన కాలవగట్టు రోడ్డు మీద తిరిగాడా ఏంటండీ?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఒప్పుకోవాలి, ఆయన అంచనా తప్పలేదు. ఎండాకాలం దుమ్ములో మూడువేలకే మార్చమనేవారు. వానలు పడ్డాక నాలుగున్నర వేల దాకా రానిచ్చేవారు. మార్చమన్న ప్రతిసారీ గుడివాడలో మెకానిక్కు పాత నూనెను వేళ్ల మధ్య రాసి చూసి "సరిగ్గా టయానికి తెచ్చారు సార్" అనేవాడు. రెండేళ్లు అలా గడిచాయి. పైకి చెప్పలేదు గానీ, పుస్తకం మాట నేను మర్చిపోయాను.

ఆ తర్వాత ఆయన తీర్పులు మారాయి. ఓసారి రెండువేలకే మార్చమన్నారు. తర్వాత పదిహేను వందలకి. చివరికి రెండు మూడు వారాలకోసారి, వెయ్యి కిలోమీటర్లు తిరిగిందో లేదో, గుడ్డ మీద చుక్క వేసి "మార్పించెయ్యండి" అనడం మొదలుపెట్టారు. పెద్దాయనకు చాదస్తం ముదిరిందనుకున్నాను. "మా నాన్న ఊరికే చెప్పడు, మార్చండి" అని ఇంట్లో మా ఆవిడ. నా కోపం రెండింతలైంది. పిల్లనిచ్చినంత మాత్రాన బండి కూడా ఆయన చెప్పినట్టే నడవాలా అని ఒకరోజు అనకూడని మాట అనేశాను. ఆ పూట ఆవిడ నాకు అన్నం వడ్డించింది గానీ, మాట్లాడలేదు.

చివరికి మెకానిక్కే అన్నాడు. "సార్, ఏమనుకోకండి. ఈ ఆయిలు కొత్తదాన్లాగే ఉంది. పారబొయ్యడానికి నాకే మనసొప్పటం లేదు. ఎవరు చెప్తున్నారండీ మీకు?"

ఆ శనివారం నేను ఒక నిర్ణయానికొచ్చి పెడనలో కారు ఆపాను. ఒక చిన్న సీసాలో కొత్త నూనె, ఇంకో దాంట్లో లారీలోంచి తీసిన తారులాంటి పాత నూనె మెకానిక్కు దగ్గర్నుంచి పట్టుకొచ్చాను. అడ్డం తిరిగిన విద్యార్థికి బోర్డు మీద లెక్క వేసి చూపిస్తామే, అలా చూపించాలని నా పంతం. కారు దగ్గర కాకుండా ఇంట్లోనే, వసారాలో గుడ్డ పరిచి కొత్త నూనె చుక్క వేశాను.

"చెప్పండి మావయ్య గారూ. మార్చాలా, వద్దా?"

ఆయన వంగారు. చాలాసేపు చూశారు. ఆ చూపు గుడ్డ మీద నుంచి ఒక్క క్షణం వంటింటి గుమ్మం వైపు తిరిగింది. గుమ్మం పక్కన నిలబడ్డ అత్తయ్య గారు చిన్నగా ఒకసారి దగ్గారు.

"బాగుందండీ. అక్కర్లేదు" అన్నారాయన.

సరైన జవాబే. కానీ నేను ఇరవై ఏళ్లుగా పరీక్ష హాళ్లలో కాపలా కాస్తున్నవాణ్ణి. ఎవరు ఎవరి వైపు చూశారో, ఏ దగ్గు దేనికో నాకు ఇట్టే తెలిసిపోతుంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. "అత్తయ్య గారూ, కాస్త మంచినీళ్లు తెచ్చిపెట్టండి" అన్నాను. ఆవిడ కదల్లేదు. మళ్లీ అడిగాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్లారు. అప్పుడు పక్కనే లారీ నూనె చుక్క వేశాను. అది నల్లగా గుడ్డకి అంటుకుపోయింది. చిన్నపిల్లలైనా చెప్పేస్తారు.

"ఇది చెప్పండి."

ఆయన గుడ్డను చేతిలోకి తీసుకుని మొహానికి దగ్గరగా పట్టుకున్నారు. గుమ్మం వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. గుడ్డ నెమ్మదిగా కింద పెట్టి, వేళ్లు పంచెకు తుడుచుకున్నారు.

"కనపట్టం లేదండీ" అన్నారు. "ఆర్నెల్లయింది. అన్నీ మురికినీళ్లలో ముంచి తీసినట్టున్నయ్యి."

సిగ్గు లేకుండా మళ్లీ నేనే అడిగాను. మరి ప్రతిసారీ మార్చమని ఎందుకన్నారని.

"బండి దగ్గర మీ అత్తయ్య ఉండదు గదండీ. నేను బాగుందని చెప్పి, అది బాగోపోతే? కాలవగట్టు మీద ఇంజను పట్టేసి ఆగిపోతే? దాంట్లో మా అమ్మాయి ఉంటది, మనవరాలుంటది, మీరుంటారు. మార్చమంటే ఏం పోద్దండీ, ఓ డబ్బా నూనె."

అప్పటికి అత్తయ్య గారు మంచినీళ్ల గ్లాసుతో వచ్చి నిలబడ్డారు. షెడ్డులో కూడా ఇదే సంగతట. మజ్జిగ ఇచ్చే వంకన ఆవిడ రోజూ కాగు దగ్గరికి వెళ్తారు. గుడ్డకి రంగు సరిగ్గా పట్టగానే ఒకసారి దగ్గుతారు. ఆయన "తియ్యండి" అంటారు. ఈ సంగతి బయటపడితే ఆ కుర్చీ ఇంకొకరికి పోతుంది. ఆ పని తప్ప ఇంకో పని చేతకాని మనిషి ఆయన. నేను ఆ గ్లాసు తీసుకున్నాను గానీ తాగలేకపోయాను. జీవితంలో నేను పెట్టిన పరీక్షలన్నిటిలోకీ నీచమైనది అదే.

బందరులో కంటి డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లాలన్నారు. ఇంకా ముదరాలి, నాలుగు నెలలు ఆగి రమ్మన్నారు. ఆ రోజుల్లో అలాగే అనేవారు. ఆ నాలుగు నెలలూ ప్రతి శనివారం కారును షెడ్డు ముందే ఆపాను. పనివాళ్లందరూ చూస్తుండగా గుడ్డ మీద చుక్క వేసి, "ఏమంటారు మావయ్య గారూ?" అని గట్టిగా అడిగేవాణ్ణి. ఆయన మార్చమన్నప్పుడల్లా మార్పించాను. ఎనిమిదిసార్లయింది. కాలేజీలో పాఠాలు చెప్పి చెప్పి సారుకు మతి పోయిందని మెకానిక్కు నా వెనక నవ్వుకునేవాడని విన్నాను. నవ్వుకోనిచ్చాను.

ఆపరేషన్ అయింది. మర్నాడు డాక్టరు కట్టు విప్పేటప్పుడు మంచం పక్కన నేనే ఉన్నాను. అత్తయ్య గారు గుమ్మంలోనే ఆగిపోయారు, చూసే ధైర్యం లేక. ఆయన రెప్ప తెరిచి గోడ వంక చూశారు, కిటికీ వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. చూస్తూనే ఉన్నారు.

"అదేంటండీ అల్లుడు గారూ, చెవుల దగ్గర జుట్టంతా నెరిసిపోయింది! ఎప్పట్నుంచీ?"

"రెండేళ్లయిందండీ" అన్నాను, లెక్క చూసుకోకుండా.

అన్నాక లెక్క నాకే తేలింది. ఆర్నెల్లు కాదు. ఆయనకూ తేలినట్టుంది.

"అయితే రెండేళ్లుగా మీ మొహం చూడకుండానే మాట్లాడానండీ" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కంటతడి పెట్టకూడదని డాక్టరు గారు చెప్పలేదూ! ఆపండి ముందు!" అని కసిరాను. నన్ను మాత్రం ఏ డాక్టరూ వద్దనలేదు కనక, ఆయన మంచం మీద కూర్చుని ఏడ్చాను.