పెద్దమ్మ పంచలో బండి

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో నొక్కింది, వారం తిరక్కుండా ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. విప్పి చూస్తే మా పాత మోటారు సైకిలు హెడ్‌లైటు అద్దం చుట్టూ ఉండే రింగు. ఎక్కడో ఉత్తరాదిన ఇప్పటికీ అచ్చం పాతవాటిలాగే చేసి అమ్ముతున్నారట. పిల్ల సంబరం చూసి నేనూ సంతోషించాను గానీ, దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, ఆ బండికి ఇంత సులువుగా ఏ వస్తువైనా దొరకడం ఇదే మొదటిసారి కదా అనిపించింది. మన కాలంలో బండి నడిపినవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక చిన్న స్ప్రింగు కోసం బెజవాడ, మద్రాసు తిరిగి, చివరికి సైకిలు షాపులో ఏదో ఒకటి వంచి పెట్టించుకుని వచ్చిన రోజులు మనవి.

యుద్ధం అయిపోయాక మద్రాసులో మిలటరీ సామాను వేలం వేస్తున్నారని తెలిసి, మా మేనమామా ఆయన స్నేహితుడూ కలిసి వెళ్ళి ఒకే రకం ఇంగ్లీషు బళ్ళు చెరొకటి కొనుక్కుని, వాటి మీదే ఇంటికి వచ్చారు. ఆ స్నేహితుడిది పర్చూరు దగ్గర పల్లె. దూది ఏకి పరుపులు కుట్టే ముస్లిం కుటుంబం, ఇంట్లో మాట్లాడేది మనలాగే తెలుగు. సైన్యంలో డ్రైవరుగా పనిచేసి వచ్చినవాడు గనక మామయ్యకు గేర్లు మార్చడం నేర్పింది కూడా ఆయనే. ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవారు. అందువల్ల ఆయన భార్య మామయ్యకు అక్క అయింది, మామయ్యకు అక్క గనక నాకు పెద్దమ్మ అయింది. మా వైపు ఆ రోజుల్లో వరసలు ఇలాగే కలిసేవి, ఎవరూ కూర్చుని ఆలోచించి కలిపినవి కావు.

ఆ స్నేహితుడు విషజ్వరంతో నడివయసులోనే పోయాడు. నేను చదువు గట్టెక్కక మామయ్య దగ్గర పనిలో చేరింది ఆ తరువాతే. గుంటూరులో ఆయనది మిరపకాయల కమీషను వ్యాపారం, సీజనులో పత్తి కూడా చూసేవాడు. నడుంనొప్పి పట్టుకోవడంతో బండి నా చేతికిచ్చి పల్లెలు తిరిగే పని అప్పగించాడు. అప్పటికి ప్రకాశం జిల్లా అనేది లేదు, ఒంగోలు దాకా అంతా మా గుంటూరు జిల్లాయే. చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు చుట్టుపక్కల కల్లాల్లో కాయ రంగూ, తేమా చూసి మాట ఇచ్చి రావాలి. ముందు చేరినవాడిదే బేరం. వానాకాలంలో ఆ నల్లరేగడి మట్టి మడ్గార్డుల్లోకి ఎక్కి చక్రం తిరగనిచ్చేది కాదు, దిగి పుల్లతో గోకి మళ్ళీ ఎక్కాల్సిందే. అయినా నాకు అదే రాజ్యం. బండి తిరిగినంత కాలమే ఆ పని. అది ఆగితే ఊళ్ళో నాగలి పట్టించడానికి మా నాన్న ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు, బండెక్కి దొరలా తిరిగినవాణ్ణి మళ్ళీ ఎద్దుల వెనక నడవాలంటే నాకు తలకొట్టేసినట్టుండేది.

ఒక ఎండాకాలం మాగ్నెటో పోయింది. ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే పరికరం అది. గుంటూరు ఎండకు లోపలి లక్క కరిగి తీగచుట్ట కాలిపోయింది. ఫ్యాన్లు బాగుచేసే అతని చేత కొత్త తీగ చుట్టిస్తే, చల్లగా ఉన్నంతసేపు పనిచేసి, వేడెక్కగానే నడిదారిలో నిలబెట్టేది. విదేశీ సరుకు రావడం ఆగిపోయిందని మద్రాసు షాపువాళ్ళు చేతులెత్తేశారు. డూప్లికేటుది ఒకటి తెచ్చి పెట్టి చూశాం, దాని సంగతి చెప్పుకోకపోవడమే మేలు. ఇక అసలుది ఉన్నది ఒక్కచోటే అని మామయ్యకూ తెలుసు, నాకూ తెలుసు, కానీ ఆ మాట పైకి అనడానికి ఇద్దరికీ చాలా రోజులు నోరు రాలేదు.

చివరికి ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. పెద్దమ్మ ఇంటి పక్క పంచలో ఆయన బండి మీద ఒక బొంత కప్పి ఉంది. తీస్తే, భర్త నిన్న దిగి లోపలికి వెళ్ళినట్టుంది. సైలెన్సరు మూతికీ, గాలి పీల్చే సందుకూ, ఎక్కడ రంధ్రం ఉంటే అక్కడ ఏకిన దూది గట్టిగా కూరి పెట్టింది, కందిరీగలు మట్టిగూళ్ళు పెట్టకుండా. ప్రతి శుక్రవారం నూనెగుడ్డతో ఇనుమంతా తుడిచేదట. మామయ్య నసుగుతూ విషయం చెప్పాడు.

"తమ్ముడూ, నువ్వడిగితే నా చెవులకున్నయ్యి తీసిస్తా. ఆయన బండిని ముక్కలు చెయ్యమంటే మాత్రం నా వల్ల కాదయ్యా" అంది.

టీ తాగి లేచాం. గుమ్మం దాకా వచ్చిన పెద్దమ్మ, మరి మీ పాతది ఏం చేశారని నన్నడిగింది. సంచిలోనే ఉంటే తీసి చూపించాను. చేతిలోకి తీసుకుని కాసేపు బరువు చూసింది.

"ఏరా అబ్బాయ్, పక్కింటోళ్ళు గిన్నెలో కూర పంపిత్తే, మీ అమ్మ ఆ గిన్నె ఖాళీగా తిరిగిస్తదా?"

"ఇవ్వదు పెద్దమ్మా, ఏదో ఒకటి వేసి పంపిస్తుంది."

"ఇదీ అంతే. దాన్ని తీసుకోండి, ఆ చోటు మాత్రం ఖాళీగా ఉంచబాకండి."

అలా మా చచ్చిన మాగ్నెటో ఆ బండిలోకి, ఆ బండిది మా బండిలోకి చేరింది. పైనుంచి చూస్తే పంచలో బండికి ఏ లోటూ లేదు. ఆ తరువాత కొన్నేళ్ళ పాటు ఇదే పద్ధతి. క్లచ్చి ప్లేట్లు అరిగినా, ముందు ఫోర్కు స్ప్రింగు విరిగినా, చక్రం వంగినా, ఫ్రేము చీలినా, మాది కిరసనాయిలుతో కడిగి పట్టుకెళ్ళేవాణ్ణి. కార్బురేటరు మార్చాల్సి వచ్చినప్పుడైతే, ఇత్తడి వస్తువు ఒకరింటికి మురిగ్గా వెళితే మన పరువేం గానని మా అమ్మ దాన్ని చింతపండు పెట్టి బిందె తోమినట్టు తోమేసింది. లోపలి సన్నని దారులన్నీ చింతపండు పీచుతో పూడుకుపోయాయి, కానీ బండి ఎలాగూ కదలదు గనక ఎవరికీ నష్టం లేకపోయింది. దాని తళతళ చూసి పెద్దమ్మ, మీ అమ్మకు పని తెలుసురా అని మురిసిపోయింది.

చివరికి సిలిండరు వంతు వచ్చింది. మాది అరిగినప్పుడల్లా లోపల తొలిపించి తొలిపించి, ఇక తొలవడానికి ఇనుము మిగల్లేదు. పెద్దమ్మ సరేనంది. పొద్దున మొదలుపెట్టి ఆమె వాకిట్లో రెండు బళ్ళూ విప్పి, ఇక్కడిది అక్కడా అక్కడిది ఇక్కడా బిగించాను. ఆమె మెత్త కుడుతూ ఎదురుగానే కూర్చుంది. నేను చేతులు తుడుచుకుంటుంటే అడిగింది.

"నాయనా, ఇప్పుడు ఈ పంచలో దాంట్లో ఆయనది ఏం మిగిలింది?"

ట్యాంకూ, సీటూ, హ్యాండిలూ పెద్దమ్మా అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అన్నీ తిరిగి పెట్టెయ్యమంటుందేమోనని భయపడ్డాను. అంటే పెట్టేసేవాణ్ణే, నా ఉద్యోగం పోతే పోయేది.

నీ బండి ఒకసారి తియ్యి అంది. కిక్కు కొడితే అందుకుంది. సూది పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. చాలాసేపు విన్నది.

"ఇది ఆయన బండే. నాకు తెలవదా ఆ చప్పుడు. ఇంక అయ్యి మాత్రం ఇక్కడెందుకు, అయ్యి కూడా దానికే పెట్టెయ్."

ఆయన మోకాళ్ళు ఒరుసుకుని రంగు పోయిన ట్యాంకును ఆ సాయంత్రమే మా బండికి ఎక్కించాను, సీటూ హ్యాండిలూ కూడా, మావి దానికి బిగించాను. ఇప్పుడు పంచలో ఉన్నదంతా మా అరిగిపోయిన ఇనుమే గనక, అడ్డం దేనికి, తీసుకుపోతాను పెద్దమ్మా అన్నాను.

"ఉండనీరా. పంచ ఖాళీగా ఉంటే నేను చూళ్ళేను" అంది, బొంత తెచ్చి దాని మీద మళ్ళీ కప్పింది.

అది మొదలు ఆ దారిన పనుంటే చాలు, లేకపోయినా సరే, ఆ ఊరి మీదుగానే వెళ్ళేవాణ్ణి. ఆమె పోయాక ఇంటివాళ్ళు పంచలో బండిని పాత ఇనుముకు ఇచ్చేశారని తెలిసి నాకు బాధ కలగలేదు. ఇప్పుడు ఏ పార్టు కావాలన్నా దొరుకుతుంది, దాని కోసం ఎవరి గడపా తొక్కనక్కర్లేదు, ఎవరికీ ఏమీ కానక్కర్లేదు. మంచిదే, కాదనను. ఆ బండి ఇప్పటికీ తిరుగుతుంది, ఏడాదికోసారైనా పర్చూరు దాకా తీసుకెళ్తాను. ఒకప్పుడు నేను ఆ సందు తిరక్కముందే, చప్పుడు విని పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడేది, నాకోసం కాదని నాకు తెలుసు. ఇప్పుడు ఆ చప్పుడుకు లేచి వచ్చే మనిషి ఆ దారి పొడవునా ఒక్కరూ లేరు.