ఎవరూ అందుకోని పాట

మా చిన్నమ్మ గొంతు మూయించింది మీరే. ఇంకెవరో కాదు, ఈ పేజీ చదువుతున్న మీరు. పోయిన సోమవారం పొద్దున ఆమె వరంగల్‌లో ఒక దవాఖాన మంచం మీద చనిపోయింది. ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టర్లు రాసిచ్చారు. నేను కాదనను. కానీ ఆమె పాట అంతకు నాలుగు నెలల ముందే పోయింది. దానికి ఎవరూ కాగితం రాసివ్వలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మేమేం చేశామని అడుగుతారు. ఏమీ చేయలేదు. నా ఫిర్యాదు అదే.

ఆమె మా అమ్మకు చెల్లెలు. మరిపెడ దగ్గరి పల్లె నుంచి పెళ్లయి వరంగల్‌కు వచ్చి, నలభై ఏళ్లు మిర్చి యార్డులో తొడిమలు తీసింది. ముక్కుకు తువ్వాల కట్టుకుని పదిమంది ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుంటే, ఘాటుకు కళ్లలో నీళ్లు కారుతుంటే, ఆమె తువ్వాల కిందికి లాగి పాట ఎత్తుకునేది. ఒక చరణం ఆమె, అదే చరణం మిగతా అందరూ. అట్లా పాడే పాటలో ముందు పాడేవాళ్ల కంటే వెనక అందుకునేవాళ్లే ముఖ్యం. వెనకవాళ్లు అందుకోకపోతే పాట ముందుకు పోదు.

"ఎత్తుకునుడు ఎవలకైనా వస్తది కొడుకా," అనేది. "అందుకునేటోళ్లుంటేనే పాట. లేకుంటే పిచ్చిది తనల తాను మాట్లాడుకున్నట్టే."

ఆ గొంతు తీయనిది కాదు. మిర్చి ఘాటు తిని గరుకు తేలిన గొంతు. అయినా మా కాలనీలో బతుకమ్మ ఆడితే అందరూ ఆమె కోసం ఆగేవాళ్లు. ఆమె తీరిగ్గా వచ్చి, నోట్లో ఉన్న తమలపాకు ఉమ్మేసి, చెంగు బొడ్లో దోపి, "ఏందే, ఇంకా నిలబడ్డరు, కాళ్లకు మేకులు కొట్టిన్రా" అని అదిలించేది. అప్పుడుగాని చప్పట్లు మొదలయ్యేవి కావు.

ఆమె పాటల్లో అందరు దేవుళ్లూ ఉండేవారు. గౌరమ్మ అత్త చేతిలో తిట్లు తినేది. శివుడు బువ్వకు లేక పెళ్లాం మీద కోపం తీసుకునేవాడు. వాళ్లతో పాటు ముస్లింలు కొలిచే అసన్న, ఉసన్న అనే అన్నదమ్ములుండేవారు. పీర్ల పండుగ పాట అది, యుద్ధానికి పోయిన కొడుకులకు గుక్కెడు నీళ్లు దొరకలేదని తల్లి ఏడ్చే పాట. ఆ పాటను మా చిన్నమ్మ బతుకమ్మ చుట్టూ ఉయ్యాల వరసలోనే పాడేది. ఆమె తండ్రి, అంటే మా తాత, ఊళ్లో పీరు ఎత్తుకుని నిప్పుల గుండం చుట్టూ ఆడినవాడు. ఆమె అన్న పేరు పీరయ్య. శివరాత్రికి చెప్పుల్లేకుండా పాలకుర్తి గుట్ట ఎక్కేది. పీర్లు వాగుకు పోయే రోజు సాయంత్రం దాకా మంచినీళ్లు ముట్టేది కాదు. ఈ రెండింటి మధ్య ఆమెకు ఎన్నడూ తగాదా రాలేదు. తగాదా పెట్టుకున్నవాణ్ణి నేను.

నాకు ఇరవై ఐదేళ్లప్పుడు ఎర్రజెండా సంఘం పిచ్చి పట్టింది. ఆమె వాకిట్లో కూర్చుని గంటలకొద్దీ వాదించేవాణ్ణి. దేవుడు లేడని తేల్చి చెప్పాను.

"లేకపోతే లేకపాయె," అంది చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "పాటల ఉన్నడు గద, ఆడ కూసోని. నీకేం అడ్డమొచ్చిండు?"

అడ్డమొచ్చాడనే అనుకున్నాను. ఆమె పాటలు రాసుకుని చిన్న పుస్తకం వేయించాను. శ్రామిక స్త్రీల పాటలని అట్ట మీద పెద్ద అక్షరాలు. లోపల దేవుడు కనబడ్డ ప్రతి చరణమూ కొట్టేశాను. గౌరమ్మ పోయింది, శివుడు పోయాడు, అసన్న ఉసన్న కూడా పోయారు. మిర్చి, కూలి, మేస్త్రీ, ఆకలి మిగిలాయి. గొప్ప పని చేశానని ఆమె ముందు కూర్చుని చదివి వినిపించాను. పిల్లకు జ్వరం వచ్చిన తల్లి పాట దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఈమె ఎవలతోని మాట్లాడుతాంది?"

ఆ తల్లి మైసమ్మకూ పీర్లకూ మొక్కుకుంటుంది అసలు పాటలో. ఆ రెండు చరణాలూ నా కలం కింద పోయాయి.

"బిడ్డ కాలిపోతాంటె తల్లి ఎవలకు మొక్కాలెరా? నీ సంఘానికా? గోడతోని మాట్లాడినట్టున్నది." పుస్తకం తీసుకుని బియ్యం డబ్బా మీద పెట్టింది. దాని గురించి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నాకు మాత్రం చాయ్ ఇచ్చింది, పెద్దమనిషికి ఇచ్చినట్టు సాసరు పెట్టి మరీ. అది ఎగతాళి అని తెలుసుకోవడానికి నాకు కొన్నేళ్లు పట్టింది.

మతం పేరు వింటే ఇవాళ్టికీ నాకు ఒళ్లు మండుతుంది. అది మనుషులకు చేసిన ద్రోహం మీద రోజంతా మాట్లాడగలను, మీరు వినగలిగితే. కానీ మన పాట, మన బొమ్మ, మన ఆట ఏది ముట్టుకున్నా దేవుడు చేతికి తగులుతాడు. గతిలేని మనిషికి తన గోడు వెళ్లబోసుకోవడానికి దొరికిన మాట అది. దేవుణ్ణి తిట్టాలన్నా ఆ మాటతోనే తిట్టాడు. నేను దాన్ని కోసి శుభ్రం చేశాననుకున్నాను. ఒక చరణం కోయొచ్చని మొదట చూపించింది నాలాంటి చదువుకున్నవాళ్లే. తర్వాత వచ్చినవాళ్లకు కత్తి ఎక్కడ పెట్టాలో వెతుక్కునే పని లేకుండా పోయింది.

వాళ్లు నాలుగైదేళ్లుగా మెల్లగా వచ్చారు. మొదట బతుకమ్మ ఆడే మైదానంలో టెంటు వచ్చింది. తర్వాత మైకు, తర్వాత కాలనీ కమిటీ, ఆ తర్వాత కమిటీ అచ్చేసిన పాటల కాగితం. అందులో గౌరమ్మ ఉంది, తిట్లు లేవు. అసన్న ఉసన్న సంగతి సరేసరి. ఎవరూ గొడవ పడలేదు. కాగితం చేతిలో పెడితే అందరూ తీసుకున్నారు. పొద్దున పాలవాడు కూడా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

సద్దుల బతుకమ్మకు వారం ముందు ముగ్గురు ఆమె ఇంటికి వచ్చారు. ముందున్నాయన కమిటీ కార్యదర్శి, బట్టల దుకాణం ఆయన. చేతిలో ప్రసాదం పొట్లం. నేను అక్కడే ఉన్నాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆ మర్యాదకే నాకు భయమేసింది.

"అవ్వా, ఈసారి జర అమ్మవారి పాటలే పాడు. ఆ ఇంకో పాట వద్దు. పోరగాండ్లు ఫోన్ల తీస్తాండ్రు, ఏడికో పోతాంది, మంచిగుంటలేదు."

"ఏ పాట బిడ్డా?"

"నీకెరుకే గదవ్వా."

"అది తల్లి ఏడ్సే పాట. తల్లి ఏడ్సుడు గూడ వద్దంటె, మీ కాగితంల నవ్వే పాటలేమన్న ఉన్నయా?"

వెనకున్న కుర్రాళ్లలో ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు. కార్యదర్శి మాత్రం నవ్వాడు.

"మా అన్న పేరు పీరయ్య," అంది ఆమె. "సచ్చిపోయిండు. ఆయననేం జేస్తరు?"

"పేరుకేముందవ్వా. మారుస్తే మారుతది," అన్నాడు అదే నవ్వుతో. పొట్లం గడప మీద పెట్టి పోయాడు. పోతూ నా వైపు తిరిగి, "మీరు చదువుకున్నోళ్లు సార్, మీరన్న చెప్పున్రి," అన్నాడు.

సద్దుల నాడు పొద్దు గుంకే వేళ ఆమె కాగితంలోని పాటలు నాలుగు పాడింది. అందరూ అందుకున్నారు. తర్వాత ఒక్క గుక్క ఊపిరి తీసుకుని అసన్న ఉసన్న పాట ఎత్తుకుంది. మొదటి చరణం అయిపోయింది. ఎవరూ అందుకోలేదు.

చప్పట్లు కొడుతున్న చేతులు గాలిలో ఆగిపోయాయి. నలభై ఏళ్లు ఆమె పక్కన కూర్చుని మిర్చి తీసిన ఆడవాళ్లు తల వంచుకుని పూల వైపు చూశారు. వాళ్లకు పాట రాక కాదు. ఆమె అదే చరణం మళ్లీ పాడింది. మూడోసారి పాడింది. పిల్లలు కూడా కదల్లేదు. టెంటు పక్క నుంచి ఐదారు ఫోన్లు పైకి లేచాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ ఆమెను ముట్టుకోలేదు. మైకు ఆపేశారు, అంతే. చిన్నమ్మ దగ్గింది. వంగి, పళ్లెం పక్కన రాలిన గునుగు పూలు రెండు తీసి మళ్లీ బతుకమ్మలో గుచ్చింది. ఇంటికి నడిచింది.

నేను మగవాళ్ల మధ్య నిలబడి ఉన్నాను. ఆ పాట నాకు మొదటి నుంచి చివరి దాకా వచ్చు, ఒకప్పుడు చేత్తో రాసుకున్నవాణ్ణి. ఆడవాళ్ల ఆటలో మగవాడు అందుకోడు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నేను రాసిన వంద వ్యాసాలు ఆ నిమిషంలో ఎందుకూ పనికి రాలేదు.

ఆ తర్వాత ఆమె పాడలేదు. దవాఖానలో పక్క మంచం ఆమె, "పాటలామెవట గద, ఒకటి పాడరాదు పెద్దమ్మా" అంటే, "అందుకుంటవా మరి?" అని అడిగింది. ఆ మనిషి నా ముఖం చూసింది, తలుపు వైపు చూసింది, దుప్పటి మీదికి లాక్కుంది.

శవం లేపేటప్పుడు యార్డులో ఆమెతో పనిచేసిన ముసలామె ఒకతి పాడె పక్కన కూర్చుని, పెదవులు కదిలీ కదలకుండా ఆ పాట మొదలుపెట్టింది. మూడు నాలుగు మాటలు వినబడ్డాయి. గేటు దగ్గర ఎవరో ఫోను పైకెత్తారు. ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. మేం ఏడుపే అనుకుని ఊరుకున్నాం.

నిన్న కార్యదర్శి ఫోను చేశాడు. "పెద్దకర్మ మంచిగ చేసుకోన్రి సార్. టెంటు మేమే పంపుతం. పాటలేం పెట్టకున్రి." సరేననలేదు. కాదనీ అనలేదు. ఫోను పెట్టేశాను. వీధిలో ఎవరో నిలబడ్డట్టనిపించి తలుపు తీశాను. ఎవరూ లేరు. అయినా గడియ పెట్టుకున్నాను, పొద్దున పదకొండు గంటలకు, మా సొంత వీధిలో.

అందుకని అడుగుతున్నాను.

కమిటీ టెంటు మాకు వద్దు. పంపకండి.

పాటల కాగితం మీ ఇంట్లో ఉంటే, అందులో లేని పాటలు ఏవో మీ అమ్మనడిగి దాని వెనకే రాయండి.

ఆ సాయంత్రం మైదానంలో ఉన్న ఆడవాళ్లు నాకు సంజాయిషీ చెప్పొద్దు. ఒకరితో ఒకరు ఒక్కసారి ఆ సంగతి మాట్లాడుకోండి.

ఫోన్లు ఎత్తినవాళ్లు ఆ వీడియో తుడిచేయకండి. చివరిదాకా చూడండి, అందులో మీ అమ్మ ఎక్కడుందో చూడండి.

నాలాగా పాటలు సేకరించినవాళ్లు కొట్టేసిన చరణాలు తిరిగి పెట్టండి. నా పుస్తకంతో మొదలుపెడతాను.

వచ్చే గురువారం ఆమె పెద్దకర్మ. పదింటికి ఆమె వాకిట్లోకి రండి. అసన్న ఉసన్న పాట నేను ఎత్తుకుంటాను. నా గొంతు బాగుండదు. మొదటి చరణం అయ్యాక ఆగుతాను.

అప్పుడు అందుకోండి.