మేస్త్రీ చేత పోగు అతికించాను

యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గం మూలపడింది. ముప్పై ఏళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిని, బెజవాడలో రైలింజన్ల షెడ్డులో పనికి చేరాను. ఆకురాయితో ఇనుము అరగదియ్యడం నేర్పాల్సిన మేస్త్రీ, కొత్తగా చేరిన మాకు వీపు తిప్పి ఒక్కసారి చేసి, "ఊఁ, కానీండి" అన్నాడు.

"ఇంకొక్కసారి చూపించండి" అన్నాను.

అందరి ముందూ నా చేతిలో ఆకురాయి లాక్కున్నాడు. "మగ్గం గుంటలో కూచునేవాడికి ఇనుము దేనికిరా? పోయి పోగులు అతుక్కో!"

ఆ మాట మనసులో పెట్టుకున్నాను. కసితో పని నేర్చుకున్నాను. యుద్ధం ముగిశాక, పెద్దవాళ్ళకు పని ఎలా నేర్పాలో మేస్త్రీలకే చెప్పే తరగతి ఒకటి రైల్వేవాళ్ళు పెట్టి, పని బాగా వచ్చినవాణ్ణని నాకప్పగించారు. మొదటి బల్ల మీద ఆ మేస్త్రీయే! దేవుడున్నాడనుకున్నాను.

"నేర్చుకునేవాడి అవస్థ తెలియాలంటే మీకు రాని పని మీరు చెయ్యాలి" అని నూలు పోగులు పంచాను. తెగిన కొసలు రెండూ కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని పురి తిప్పితే అతుక్కుంటాయి. అందరికీ నెమ్మదిగా చూపించాను. ఆయన దగ్గరికొచ్చేసరికి వీపు తిప్పాను. ఆయన పోగు లాగినప్పుడల్లా ఊడిపోయింది. చెమటలు కారాయి.

"ఇంకొక్కసారి చూపించండి, మేస్టారూ."

ఈ మాట కోసమే కదా ఇన్నేళ్ళూ కాచుకున్నాను! "ఇనుము కొట్టే చేతులకు నూలు దేనికండీ? పోయి ఆకురాయి పట్టుకోండి" అన్నాను. తరగతి గొల్లున నవ్వింది. ఆ పూట మా ఆవిడ వడ్డిస్తుంటే రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు ఆయన జేబులోంచి ఒక పోగు తీసి అందరి ముందూ లాగాడు. ఊడలేదు.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"మీ ఇంట్లో అమ్మగారేనండీ. పొద్దున మీరు కాలవకి స్నానానికెళ్ళినప్పుడు వచ్చా. పదిసార్లు చూపించారండీ, ఒక్కసారన్నా విసుక్కోలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక నించి ఎవరో, "అమ్మగారు ఎట్లా చెప్పారో మాకూ చెప్పండి" అన్నారు.

ఆయన లేచి ముందుకొచ్చాడు. తరగతి వైపు తిరిగి, చేతులు ఎత్తి పట్టుకుని బూడిద అద్దుకున్నాడు. నేను నిలబడే చోట ఆయన నిలబడేసరికి, ఖాళీ అయిన ఆయన బల్ల మీద కూచున్నాను.

"మేస్టారూ, మీకు కనబడతందా అండీ?" అని అడిగాడు.